ఖాళీ కుర్చీకి జీతం నిర్ణయించిన కాంతయ్యగారు

1929 మార్చి ఒకటో తేదీన, మలయాలోని తెలుక్ ఆన్సన్ సమీపంలో ఉన్న ఒక తోట గుమాస్తా కుమారులైన శ్రీ గొర్లె కాంతయ్యగారు మన కార్యాలయంలో మూడవ తరగతి గుమాస్తాగా చేరారు. ముప్పైయొక్క సంవత్సరాల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి గురించి సంతోషంగా రాయమని సంచిక సంఘం నన్ను కోరింది. ఇది నా నాలుగో ప్రయత్నం.

యుద్ధం ముగిశాక వారు జీతాల విభాగానికి వచ్చారు. కమ్యూనిస్టు తిరుగుబాటుదారులతో పోరు సాగిన ఎమర్జెన్సీ రోజుల్లో, ముళ్లకంచెల మధ్య వెలసిన కొత్త గ్రామాలకు భూములు, బావులు, సంతలు సమకూర్చే ఉన్నతాధికారులకు ఎంత జీతం ఇవ్వాలో ప్రతిపాదించడం వారి పని. అంకె వేసే ముందు ఆ అధికారి వెంట సాయుధ కాపలా బండిలో ఒక రోజంతా తిరిగివచ్చేవారు. "దారి పొడుగునా వణికినాను" అని దాచుకోకుండా చెప్పేవారు. వెంట వెళ్లిన నేను నా వణుకును ఎవరికీ చెప్పలేదు.

1957 జులైలో, మలయా స్వాతంత్ర్యానికి ఆరు వారాల ముందు, రాష్ట్ర ఆర్థికాభివృద్ధి అధికారి పదవికి జీతం నిర్ణయించేందుకు జీతాల సంఘం సమావేశమైంది. అంతవరకూ ఆ పదవిలో ఇంగ్లండు నుంచి వచ్చినవారే ఉన్నారు. కాంతయ్యగారి ప్రతిపాదన నెలకు పన్నెండు వందల మలయా డాలర్లు. ఎంపికైన వ్యక్తి పేరు వారి ముందున్న కవరులో ఉంది. ఎవరేమన్నారో నమోదు చేయడానికి నేను పక్కన కూర్చున్నాను.

"ముందు పేరు చెప్పండి," అన్నారు అధ్యక్షులు. "ఇక్కడి మనిషైతే ఎనిమిది వందలు చాలు."

"కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందండి. ఖాళీ కుర్చీకి ఏ దేశం ఉంటుంది? ముందు జీతం రాయండి, తరువాత పేరు చూడండి."

"ప్రధాన గుమాస్తాగా మిమ్మల్ని ఖాయపరిచే ఫైలు నా బల్ల మీదే ఉంది కదూ?"

"ఉందండి," అన్నారు కాంతయ్యగారు. కవరు మీద నుంచి చేయి తీయలేదు.

చివరకు సంఘం పన్నెండు వందలే ఖాయం చేసింది. కవరులో ఉన్నది ఇక్కడి మనిషి పేరే. అందరూ లేస్తుండగా అధ్యక్షులు నాతో, "గుమాస్తాల మాటలు రాయనక్కరలేదు" అన్నారు. నేను రాయలేదు.

వరండాలో కాంతయ్యగారు నన్ను పేరు పెట్టి పిలిచి అడిగారు: "ఏటి సన్యాసీ, నా మాట, ఆయన మాట రెండూ రాసినావా?"

"రాసినాను అన్నా," అన్నాను.

ఆ తరువాత మూడేళ్లు వారు తాత్కాలిక ప్రధాన గుమాస్తాగానే ఉండిపోయారు. "అయ్యా, బోర్డు మీద అందరి పేర్లూ పెయింటు, మీది ఒక్కటే సుద్దముక్క లా!" అని ప్యూను తంగరాజు, మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే ఆ "లా"తో సహా, ఆటపట్టించేవాడు. "వాన రాకుండా చూసుకోరా," అనేవారు కాంతయ్యగారు. పోయిన ఏడాది వారు, తమను ఖాయపరచకపోవడానికి ఆ వాదనే కారణమని అప్పీలు చేసుకుని, ఆనాటి సమావేశ నమోదు పత్రాన్ని సాక్ష్యంగా చూపారు. పత్రం తెప్పించారు. అందులో ఆ మాటలు లేవు. ఆధారం లేదని అప్పీలు కొట్టేశారు. పింఛను కింది పదవి లెక్కనే వస్తుంది.

ఆ సాయంత్రం టీ దుకాణంలో వారు నా ఎదుట కూర్చున్నారు. నేను గ్లాసు ఎత్తలేకపోయాను.

"తాగు లా, సల్లారిపోతాది. నాకూ ఆ రోజు బయమేసినాది. నువ్వు పిల్లలున్నోడివి," అన్నారు. క్షమించారో, అలా అని నాకు నేను చెప్పుకుంటున్నానో ఇప్పటికీ తెలియదు. ఆ మాటలో నాకు మిగిలింది ఒకటే: వారికీ భయమేసింది, అయినా చేయి తీయలేదు.

పైన రాసిన సమావేశ సంభాషణ నా చెవులతో విన్నది. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు, ఇదే వాంగ్మూలాన్ని నా సంతకంతో పింఛను అధికారికి పంపాను. దానివల్ల నాకేమవుతుందో తెలియదు. ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా తలుపు వైపే చూస్తున్నాను. మన కార్యాలయంలో జవాబులు త్వరగా రావు. అందుచేత కాంతయ్యగారు, శ్రీమతి చిన్నమ్మగారు ఆరోగ్యంతో, ఆ జవాబు వచ్చేదాకా మాత్రమే కాక, పెరిగిన పింఛను అందుకుని అందుకుని విసుగుపుట్టేదాకా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.