నోరు మెదపని ప్రమాణం

నీ చాయ్ నాకొద్దు తమ్మీ. చాయ్ తాపిస్తే మాట మెత్తబడ్తదని నాకు తెల్వదా? గ్లాసు అవుతల పెట్టు. మొదలు గీ డీవీడీ సంగతి చెప్పు.

గుర్తు పట్టలేదా? పెద్దవూర దిక్కు నుంచొచ్చిన, దుర్గయ్యను. మొన్న మాఘమాసంల మా కులపెద్ద తిరుపతయ్య ఇంట్ల పెండ్లికి వీడియో తియ్యనీకె వస్తివి గదా? పెండ్లి మర్నాడు, ఎట్లన్న కెమెరా ఉన్నది, మా పంచాయితి గూడ తియ్యమన్నరు. గా పంచాయితి! నా గొర్లు పదకొండు సచ్చిన పంచాయితి!

ఆఁ... ఇప్పుడు యాదికొచ్చింది అయ్యగారికి.

సరే, తలుపు దగ్గరికెయ్యి. ఎవ్వరు లేరు గదా? నిజం చెప్పు తమ్మీ, నేను ఎవ్వరికి చెప్ప. మా అన్న సత్తయ్య నీకేమిచ్చిండు? పొట్టేలా? మిర్యాలగూడల గింత పెద్ద ఫొటో స్టూడియో పెట్టినోనివి, పొట్టేలుకు ఆశపడ్తివా?

ఏం చేసినవా? నన్నే అడుగుతున్నవా! పెట్టు, నీ టీవీల పెట్టు. కరెంటు పోకముందే పెట్టు. తీసిన తారీఖు దాని మీద నువ్వే రాసినవ్ సూడు, రెండువేల పది, ఫిబ్రవరి. మల్ల నాది కాదనేవు.

మొదట్ల బాగనే ఉంటది, నాకెరికే. అగో, తిరుపతయ్య అరుగు. అగో, నేను. ఎట్ల మొత్తుకుంటున్న సూడు! మొత్తుకోనా మరి? బోరుకాడి తొట్టిల నీళ్లు తాగినయ్, పొద్దు గూకేసరికి పదకొండు. కడుపులుబ్బి, నోట్లెంట నురుగు. అండ్ల రెండు సూడి గొర్లు. యూరియా నీళ్లని పశువుల డాక్టరు చెప్పిండు. ఆ బోరు మా ఇద్దరన్నదమ్ములది, తొట్టి నాది. పొద్దుగాల్నే మా అన్న తొట్టికాడ నిలబడి ఉండంగ నా పెండ్లాం మైసమ్మ తన కండ్లతోని సూసింది. ఇంకెవరు కలుపుతరు? నువ్వు చెప్పు, ఇంకెవరు?

ఇగో ఈడ్నే నేను కోపమొచ్చి, గొంగడి భుజం మీదేసుకొని లేచిపోయిన. కనబడ్డదా? పోయిన. నేను పోయినంక జరిగిందే కథంత. మా అన్నను గుడిల ప్రమాణం చెయ్యమన్నరు.

జర ముందుకు పోనియ్యి. గుడికాడికి పోనియ్యి.

లింగమంతుల సామి గుడి. ఎంత ఉంటది? ఇద్దరు వంగి లోపటికి పోతే మూడో మనిషికి జాగ లేదు. లోపట మా అన్న, తిరుపతయ్య. గుమ్మంల కెమెరా పట్టుకొని నువ్వు. కులమంత బయట. అంటే, ప్రమాణం సూసింది ఇద్దరే. తిరుపతయ్య ఎవరు? మా అన్న వియ్యంకుడు. ఇగ మిగిలింది నువ్వు. సమజైందా, నేను నీకాడికి ఎందుకొచ్చిన్నో?

ఆపు! ఆపు, ఆడ్నే!

ఎనకకు తీస్కపో. ఆఁ. ఇప్పుడు సూడు. చేతిల బండారి ఉన్నది, పసుపు కనబడుతుంది గదా. ఇనుబడ్డదా? "తొట్టిల యూరియా నేను కలపలేదు, సామి సాక్షి" అన్న మాట ఇనుబడ్డదా? మరి మా అన్న నోరు సూడు! మూసుకొనే ఉన్నది! మాటంత ఒడిసినంక ఇప్పుడు మెదిలిస్తుండు నోరు. ఇప్పుడు ఇనుబడేదెవరి గొంతు? తిరుపతయ్యది! నోరు మా అన్నది, గొంతు తిరుపతయ్యది! ఏం తమాష తమ్మీ ఇది?

నాకు చదువు రాకపోవచ్చు. సినిమాల హీరో నోరు మెదిలిస్తే ఎనక నుంచి ఇంకొకాయన మాట్లాడుతడని నాకెరికే. పెండ్లి సీడీలల్ల మీరు పాటలు అతికిచ్చరా? పిల్ల తండ్రి ఏడుస్తుంటె ఎనక సినిమా పాట ఏస్తరు. గట్లనే గీ మాట గూడ అతికిచ్చినవ్.

మా అన్నకు సామంటే భయం. బండారి పట్టుకొని అబద్ధమాడితె మంద నిలవదని మా తాత చెప్పిన కాడికెల్లి వణుకుతడు. అందుకే ఏం చేసిండు? లోపట నోరు మూసుకొని కూసున్నడు. నోటితోని అననే లేదు, ఇగ పాపమెట్ల తగులుతది? ఆ ఎనక మీరంత కలిసి మాట అతికిచ్చిండ్రు. కులం నమ్మింది, సామికి దొరకలే. మా అన్న తెలివి గట్లుంటది!

ఊర్కె అనుమానపడలేదు నేను. కోదాడల మా బామ్మర్ది ఇంటి పక్కపొంటి సీడీల దుకాణపాయనకు చూపెట్టిన. "వాయిస్ విడిగా వేసినట్టుందండీ, మీవాళ్లు సినిమా ఏమైనా తీశారేంటండీ" అన్నడు. నవ్వుకుంటనే అన్నడనుకో. అన్నడా లేదా? సూర్యాపేట బస్టాండు కాడ ఇంకొకాయనకు చూపెట్టిన. "దేంట్ల చేసిండ్రు ఇది?" అని అడిగి ఇగ మాట్లాడలే. ఎందుకు మాట్లాడలే? మీ దుకాణాలోళ్లంత ఒక్కటేనాయె!

ఊళ్లె ఇంటింటికి పట్కపోయి చూపెట్టిన. చిన్న పిల్లగాండ్లు గూడ మా అన్న ఎదురైతె నోరు మూసుకొని "ఊఁ ఊఁ" అంటుండ్రు. ఆయన ఒక్క మాట అనడు. తల దించుకొని మందెంట పోతడు. తప్పు లేనోడైతె ఊకుంటడా?

ఇగ ఆదివారం కులం కూసుంటది. దొంగ ప్రమాణమని తేలితే మా అన్న కుటుంబాన్ని కులంలకెల్లి ఎలేస్తరు. నిప్పు బంద్, నీళ్లు బంద్. వచ్చేయేడు పెద్దగట్టు జాతరకు ఆ ఇంటోళ్లు సామికి నైవేద్యం గంపెత్తనీకె లేదు. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆదివారం వచ్చి, "అవును, మాట నేనే అతికిచ్చిన" అని చెప్పు. నిన్నెవ్వరేమనకుంట నేను సూసుకుంట. బస్సుల తోల్కపోత, బస్సుల తోల్కొస్త.

ఏంది? అతికియ్యలేదా?

మరెట్లయితది? ... సాఫ్ట్‌వేరా? ఏం సాఫ్ట్‌వేరు? ... కెమెరాల ఉన్నది ఫైలా. ఆ ఫైలు మా టీవీకి పనికిరాదా. దాన్ని మార్చి డీవీడీ చెయ్యాల్నా. సరే, మార్చే సాఫ్ట్‌వేరు ఏడ కొన్నవ్?

పుక్కట్ల దొరికిందా!

ఆగాగు. పుక్కట్ల ఎవరిచ్చిండు? నెట్ల ఎవరో పెట్టిండా? ఎవరో అంటె? పేరు తెల్వదా? ఊరు తెల్వదా? నీకాయన చుట్టమా? మరెందుకిచ్చిండు తమ్మీ! మా ఊళ్లె పుక్కట్ల చుట్టకు నిప్పు గూడ ఇయ్యరు. ఎవనికో ఏదో లాభం లేంది ఎవడన్న ఇస్తడా? ముక్కు మొఖం తెల్వనోని దాంట్ల మా సామి ప్రమాణం ఏసి తిప్పినవా నువ్వు?

లాభానికి కాదా. అందరు వాడుకోవాలని పెట్టిండా. నవ్వు నవ్వు. నిన్ను సూస్తె జాలైతుంది నాకు.

సరే, చెప్పు. ఇంటున్న. ... బొమ్మ ఒక లెక్క, సప్పుడు ఒక లెక్క. మార్చేటప్పుడు రెండు కలిసి నడవాలె. మొదట్ల కలిసే నడుస్తయ్. పోను పోను సప్పుడు జర జర ముందుకు జరుగుతదా. అంటే, మంద ముందుకు పోయి కాపరి ఎనకబడ్డట్టు? ఊఁ. గంటంబావు ఆపకుంట తీసినవ్ గనక చివరికొచ్చేసరికి బాగ దూరం పడ్డదంటవ్. చివరిదాక సూడకుంట ఇచ్చినందుకు తప్పు నీదేనంటవ్.

మంచిగ చెప్తున్నవ్ తమ్మీ. ఎన్ని దినాల నుంచి కూడబెట్టుకున్నవ్ గీ మాటలు?

కుక్కను సూడాల్నా? ఏ కుక్కను? గుడి మెట్ల మీది కుక్కనా? ఆఁ, ఉన్నది, మా ఈదిదే. పండుకున్నది. ఏంది, మొరిగింది ఇదేనా? నోరు తెరవనే లేదు గదా! ... ఇగో ఇప్పుడు తెరిచింది. తెరిస్తె సప్పుడు లేదు.

కుక్కకు ఎవరు లంచమిచ్చిండ్రంటవా. ఎక్కిరిస్తున్నవా పెద్దోణ్ని?

... లేదు లేదు, ఇంకోపాలి ఎయ్యి. కుక్కను.

ఊఁ.

అసలు ఫైలున్నదా? కెమెరాలది? అది ఎవ్వడు మార్చందేనా? మరి గంట సేపటి నుంచి చెప్పవేంది! పెట్టు. కంప్యూటర్లనే పెట్టు. డీవీడీ వద్దు, నీ పుక్కట్లది వద్దు. గుడికాడికే పోనియ్యి.

కుక్క మొరిగింది. నోరు తెరిచే మొరిగింది.

అగో, తిరుపతయ్య చెప్పిస్తుండు. అగో మా అన్న. ... "తొట్టిల యూరియా నేను కలపలేదు, సామి సాక్షి."

ఆయన నోటితోనే అన్నడు.

ఇంకోపాలి ఎయ్యి తమ్మీ. ... ఔ. ఆయన నోరే. చేతులు గూడ వణుకుతలేవు సూడు.

ఆపకు. ఉండనియ్యి, ఎనకది నేను ఎన్నడు సూడలే. మూసిన నోరు కాడ్నే ఆపి జనాలకు చూపెడుతుంటి. ఇగ సాలని చెప్పి తిరుపతయ్య బయటికి పోతుండు. మా అన్న ఒక్కడే ఉన్నడు లోపట. బండారి నొసటికి పెట్టుకుంటుండు. ఏదో అంటుండు గదా? లోలోపట్నే అంటుండు. జర సప్పుడు పెంచు. డీవీడీల గీ మాట ఏడ పోయింది? ఆఁ, సప్పుడు ముందుకు జరిగింది గనక తిరుపతయ్య బొమ్మ మీద పడ్డది. ఎవరన్నరో ఎవ్వరికి సమజ్ కాలే. పెంచు, ఇంకా పెంచు.

"సామీ... తమ్ముడు ఎరుకలేక చేసిండు. వాని మీద కోపం పెట్టుకోకు."

...

ఆపెయ్యి.

ఆ చాయ్ ఇటియ్యి. సల్లారితె సల్లారనియ్యి.

ఏమనడిగినవ్? తమ్ముడంటె ఎవరా? ఆయనకు తమ్ముడు ఒక్కడే తమ్మీ.

వరికి యూరియా చల్లిన, గొర్లు సచ్చేదానికి ఒక్కనాడు ముందు. సంచులు మంచిగున్నయ్, వానకాలం పిల్లలకు కప్పొచ్చు, కడిగి ఆరెయ్యమన్నది మైసమ్మ. తొట్టిల్నే కడిగిన. తొట్టి అడుగున గుడ్డపీలిక బిరడ ఉంటది. అది గుంజితె నీళ్లు పోతయ్. గుంజినవా అని రాత్రి మైసమ్మ అడిగితె, గుంజిన అన్న.

గుంజలే.

గుంజలేదని నాకెప్పుడు తెలుసంటవా? గొర్లు పడిపోతున్నప్పుడే తెలుసు. ఒక్కొక్కటి కాళ్లు తన్నుకుంటుంటె తొట్టి దిక్కు సూసిన. పెట్టిన పీలిక పెట్టినట్టే ఉన్నది. గప్పుడే మైసమ్మ "పొద్దుగాల మీ అన్న ఈడ నిలబడ్డడు" అన్నది. ఇగ నాకు గదే దొరికింది. నేనే పట్టుకున్న గా మాటను, ఇడిసిపెట్టలే.

ఆయన పొద్దుగాల ఆరేసిన సంచులు సూసినట్టున్నడు. నీళ్ల మీద తెల్లటి నురుగు సూసినట్టున్నడు. అయ్యో, అప్పుడే తొట్టి ఖాళీ చేస్తె అయిపోతుండె గదా? ... ఎందుకు చెయ్యలే? ... నా తొట్టిల చెయ్యి పెడితె నేను కొట్లాడుతనని భయపడ్డడేమొ. రెండేండ్ల నుంచి నేనట్లనే ఉన్న ఆయనతోని. గొర్లు తాగుతయని అనుకోలేదేమొ. నేనేం చెప్పాలె, ఆయన్నే అడగాలె. ఏ మొఖం పెట్టుకొని అడగాలె?

ఎంత మందికి చూపెట్టిన తమ్మీ! ఎన్ని ఇండ్లల్ల! పిల్లగాండ్లు ఎక్కిరిస్తుంటె నేను నవ్విన గూడ. ఆయనకు తెలిసి గూడ ఊకున్నడు. ఆయన ఒక్క మాట అంటె నేనే కులంల లేకుంట పోతుంటి.

పంచాయితిల నుంచి లేచిపోయింది కోపం తోని కాదు. ఆయన ప్రమాణం చేసేది నా చెవుల పడితె నమ్మాలె. ఆయన కలపలేదని నమ్మితె, ఇగ కలిపింది ఎవరు?

ఒక మాటడుగుత. ఇప్పుడు సక్కగ చేస్తవ్ గదా డీవీడీ, ఆదివారానికి. ప్రమాణం ఉండనియ్యి. మంచిగ ఉండనియ్యి, నోరు మాట కలిపి. ఎనకది... గా లోలోపల అన్నది... కోసెయ్యొస్తదా? ఒక్క మాటే గదా. ఎవ్వరు ఇనలేదు. పెండ్లిళ్లల్ల కొయ్యరా మీరు? ఆయనకు పేరొస్తది, నాకు...

గట్ల సూడకు తమ్మీ.

సూడకు అంటున్నగా.

... వద్దులే. కొయ్యకు. ఉన్నది ఉన్నట్టు చెయ్యి. పుక్కట్లదాంట్లనే చెయ్యి, చివరిదాక కూసొని సూడు ఈసారి. అయినంక ఆదివారం నువ్వే పట్కపోయి తిరుపతయ్య చేతికియ్యి. బస్సు ఖర్చు నేనిస్త.

లేదు, నాకియ్యకు. ఎంత బతిమిలాడినా నా చేతికియ్యకు. మా ఊరికి హాలియా మీదికెల్లి పోవాలె, దారిల సాగర్ కాలువ ఉన్నది. కిటికీలకెల్లి ఇసిరేస్త.