లోపలే ఉండిపోయిన బావ

ఆసుపత్రి పరికరాలు పరీక్షించే గదిలో, రోగికి మందు ఎక్కించే పంపు మొండికేసింది. మోతాదు తగ్గించమన్నా తగ్గించడం లేదు.

“లాకు ఎవరు పట్టుకున్నారు?” అడిగాడు సీనియర్ ఇంజినీరు.

“నా జేబులో ఉందన్నా!” అంటూ తాళం తీయబోయాడు కుర్ర ఇంజినీరు.

“తలుపుది కాదురా తండ్రీ, పంపుని నడిపే కెర్నెల్ ప్రోగ్రాముది! మోతాదుని చదివే టాస్కులు, అంటే చిన్న ప్రోగ్రాములు, ఎన్నైనా లోపలుండొచ్చు. అవన్నీ బయటికొస్తే గానీ కొత్త మోతాదు రాసే టాస్కుకి దారి లేదు.”

“ఒకటి ఇంకా లోపలే ఉందట. చనిపోయిన మా బావ రాసిన అలారం టాస్కు. దాన్ని పొద్దున్నే చంపేశానే!”

“చదువుతుండగా చంపావు, లాకు వదలనివ్వలేదు. చచ్చి కూడా చదువుతోంది! రేపు దీనికి రోగిని తగిలిస్తే?”

బావమరిది కీబోర్డు దగ్గరికి జరిగాడు.

“పంపుని ఆపి మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి ఆ టాస్కుని చంపకు, వెళ్ళమని చెప్పు. లాకు వదిలే కోడు వరసలు మీ బావ ఎప్పుడో రాసిపెట్టాడు.”

చెప్పాడు. పంపులో చుక్కలు నెమ్మదించాయి. తెర మీద ఇన్నాళ్ళూ ఎవరూ చూడని వరస వెలిగింది: “వస్తా మరి, బామ్మర్దీ.”