ఆరోగ్య కారణాలు

సీజన్ ముగిసిన మర్నాడు తిరుమలగిరి మైదానం పక్కనున్న ఆఫీసులో, క్లబ్ సెక్రటరీ ఫుట్‌బాల్ కోచ్ ముందు ఒక కాగితం పెట్టాడు.

“అన్నా, రాజీనామా మీద జెర సంతకం పెట్టు. సోమవారం కొత్త కోచ్ వస్తున్నడు.”

“ఏం రాసినవ్ ఇండ్ల?”

“ఆరోగ్యం బాగలేక తప్పుకుంటున్న అని. నీ ఇజ్జత్ కోసమే.”

“నాకేం రోగం? పొద్దుగాల మీ గోల్‌కీపర్‌తోని సమానంగ ఉరికిన.”

“తీసేసినమని రాస్తే ఇంకో క్లబ్ పిలుస్తదా అన్నా?”

“పిలవకపోతే పిలవకపాయె. తొమ్మిది మ్యాచులు ఓడిన, తీసేసిండ్రు. గదే రాయి, పెడతా.”

“ఏందన్నా గీ మొండితనం?”

“రెడ్ కార్డు పడితే కాలు నొప్పని కుంటుకుంట బయటికి పోవద్దని ఆటగాళ్లకు పన్నెండేండ్లు చెప్పిన. ఇప్పుడు నన్ను కుంటమంటున్నవా?”