వంకర గీత

బావకీ బావమరిదికీ గడియారాల పిచ్చి. ఇద్దరూ ఒకే కొట్లో, ఒకే రకం చవక చేతిగడియారాలు కొన్నారు. ఇంటికొచ్చి తనదాన్ని భూతద్దం కింద పెట్టి చూసినప్పట్నుంచి బావకి ముద్ద దిగడం లేదు.

"నాదాంట్లో పన్నెండు దగ్గర గీత పక్కకి ఒరిగిందిరా. ఏదీ, నీదిలా పడెయ్."

"భూతద్దంలో చూస్తే మన మొహాలూ బాగుండవు బావా."

"నీది తిన్నగా ఉంది! సెకన్ల ముల్లు కూడా సరిగ్గా గీత మీదే పడుతోంది."

"పెట్టెలు రెండూ నీ ముందు పెట్టి, నిన్నే కదా ముందు తీసుకోమన్నాను?"

"అదేరా నా మంట! ఏరి ఏరి దీన్నే తీశాను."

"దానికంత ఉడుక్కోవడం ఎందుకు? మార్చుకుందాం, పట్టు."

బావ మొహం వెలిగిపోయింది. కొత్తగా చేతికొచ్చినదాన్ని భూతద్దంలో తనివితీరా చూసుకున్నాడు. తర్వాత అతని చూపు అవతలివాడి చేతి మీదికి పోయింది. బావమరిది ఆ వంకర గడియారాన్ని చొక్కా అంచుతో తుడిచి, ఈల వేసుకుంటూ పెట్టుకుంటున్నాడు.

"ఒరేయ్, నీకా గీత కనబడటం లేదూ?"

"ఎందుకు కనబడదు? ముద్దుగానే ఉంది బావా, చంటిదానికి పాపిడి వంకరగా తీసినట్టు."

బావ మళ్లీ భూతద్దం అందుకున్నాడు.

"ఏదీ, దాన్ని ఓసారి ఇలా ఇయ్యి."