బొమ్మ ఇంజనూ, గోంగూర పచ్చడీ

గుంటూరు పోస్టాఫీసు కౌంటరు మీద జర్మనీ నుంచి వచ్చిన పార్సిల్ ఉంది. పాత బొమ్మ రైళ్లు సేకరించే ఆయనా, ఆయన భార్యా దాని ముందు నిలబడ్డారు.

“రంగు పోయిన బొమ్మ ఇంజనుకి కస్టమ్స్ సుంకమా? అమ్ముకోడానికి తెప్పించానా? వెనక్కి పంపెయ్యమను!”

“కాస్త మెల్లగా అరవండి. పంపినాయన పోస్టేజీకే బోలెడు పోశాడు.”

“పోస్తే? ఇది దోపిడీ కాదూ?”

“మీరు గోల చేస్తారని చెప్పలేదు గానీ, బదులుగా మనం పంపిన గోంగూర పచ్చడికి అక్కడ ఆయనా సుంకం కట్టాడంట.”

“పచ్చడికా? నువ్వు రోట్లో నూరిన పచ్చడికి సుంకమా? అదేమన్నా అమ్మకం సరుకా?”

“మీ ఇంజనూ అంతేగా?”

“ఇదిగో పర్సు, కట్టెయ్. నీ పచ్చడికి వెల కట్టినోడి పేరు మాత్రం కనుక్కో. జర్మనీలో ఉన్నా సరే, వాణ్ణి వదలను!”