వంకర చిల్లు బెల్టు

ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నాలుక ఊడి ఈ మంచం కింద పడిపోవాలి! అలా నవ్వకు అమ్మడూ, విను. నువ్వు పుట్టకముందు మీ తాతయ్య టీవీలో ఇన్‌స్పెక్టరు. హత్యల సీరియల్లోలే, నిజం పోలీసు కాదు. అయినా ఆయన వీధిలోకొస్తే నిజం దొంగలే సెల్యూట్ కొట్టేవాళ్లు! ఆ సీరియల్ వాళ్లు ఎంత పిసినార్లంటే, చొక్కా టోపీ ఇచ్చి, బూట్లూ బెల్టూ ఎవరివి వాళ్లే తెచ్చుకోండనేవాళ్లు. అందుకని బెల్టు ఇంటిదే. ఒకనాడు పొద్దున్నే వచ్చి, "ఏమోయ్, ప్యాంటు జారుతోంది, దీనికింకో చిల్లు పెట్టు" అన్నాడు. హీరోలా సన్నబడుతున్నాడని మురిసిపోయి, మేకు కాల్చి పొడిచాను. చెయ్యి జారింది. చిల్లు వంకరగా, ఏడవబోయే పిల్లాడి నోరులా వచ్చింది. "పోనీలే, కెమెరాకి కనపడదు" అన్నాడు మహానుభావుడు.

ఇక ఆ భాగం టీవీలో వచ్చిన సాయంత్రం! వీధి మొత్తానికీ మాదొక్కటే టీవీ. సరే, ఇంకో రెండుండేవేమో, బొమ్మ మాత్రం మాదే బాగుండేది. గదినిండా జనం, కిటికీ ఊచలకి జనం. తెరమీద ఆయనే, నా పక్క కుర్చీలోనూ ఆయనే. సీరియల్లో ఇన్‌స్పెక్టరు హంతకుణ్ణి తరుముతూ మెట్లమీద కూలబడ్డాడు. తీసుకెళ్తే డాక్టరు, "కడుపులో గడ్డ. మంచిది కాదు. ఇంట్లో చెప్పారా?" అన్నాడు. "ఎందరు హంతకుల చేతనో నిజం కక్కించాను డాక్టరుగారూ, ఆవిడకి నిజం చెప్పడమే నావల్ల కావడంలేదు" అన్నాడు. గదంతా ఒకటే ఏడుపు! నాకేమో సీరియల్ పెళ్లాం మీద ఒళ్లు మండింది. "మొగుడు పుల్లలా అవుతుంటే కళ్లెక్కడ పెట్టుకుందే ఇది!" అని అరిచాను. "బరువు తగ్గారా?" అన్నాడు డాక్టరు. ఇన్‌స్పెక్టరు చొక్కా ఎత్తి బెల్టు చూపించాడు. తెరనిండా బెల్టు! అందులో పళ్లెమంత చిల్లు! వంకరగా! నేను పెట్టిన చిల్లే!

పక్కకి తిరిగితే, ఆయన టీవీ చూడటంలేదు, నన్నే చూస్తున్నాడు. తన జబ్బు సంగతి నోటితో చెప్పలేక, సీరియల్ రచయిత కాళ్లావేళ్లా పడి ఆ సీను రాయించుకున్నాడట! టీవీ కట్టేశాను. హంతకుడెవరో తేలలేదని జనం లబోదిబోమన్నా వినకుండా అందర్నీ తరిమేశాను. "ఊరందరితో పాటు చెబుతారా? నేను పెళ్లాన్నా, ప్రేక్షకురాలినా?" అన్నాను. మీ నాన్న మధ్యలో దూరి, "అమ్మా, జబ్బు మనిషి, అరవకు" అన్నాడు. "నీకు ముందే తెలుసు కదూ?" అంటే నేల చూశాడు. ఇక చూసుకో! తండ్రీకొడుకులతో ఏడాది మాట్లాడలేదు. సరే, మర్నాడు టీ దాకా. ఆ తర్వాత తిన్నగా ఆ రచయిత దగ్గరికెళ్లి, "నీ ఇన్‌స్పెక్టర్ని చంపావో, తర్వాతి హత్య నీదే!" అన్నాను. వాడి పెన్ను ఎగిరి సిరా గోడమీద పడింది! సీరియల్లో ఇన్‌స్పెక్టరు బతికాడు. ఆపరేషనయ్యి మన ఇన్‌స్పెక్టరూ బతికాడు. ఒళ్లు చేసి పాత చిల్లుకొచ్చాడు, పొట్ట కూడా వచ్చింది!

చాలా ఏళ్లకి... మళ్లీ వంకర చిల్లుకే వచ్చాడనుకో. ఈసారి నోటితోనే చెప్పాడు. అందరికంటే ముందు నాకే.

సరేగానీ, ఆ తలుపు వెనక బెల్టు తియ్యి. బకిల్ ఊడింది. చెప్పులు కుట్టేవాడు దుకాణం కట్టెయ్యకముందే పట్టుకెళ్లు. చిల్లు సరిచేస్తానంటాడు, వద్దను.