మొహం లేని గడి

కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీ పైన మేడగది. మూడు నెలల కిందట పెళ్ళయిన ప్రమోదిని, ధనుంజయ్ కలిసి 'పిక్క బొమ్మల కథలు' అచ్చువేసే ఆఫీసు అదే. కథ ఆమె రాస్తుంది, బొమ్మలు అతను గీస్తాడు. మధ్యాహ్నం మూడు దాటింది.

"అలక్కాదు బావా. గట్టిగా కొట్టు. బుర్ర పగిలినట్టుండాల."

"నిజంగా పగిలితే టెక్కలిలో మీ అమ్మకి నేనేటి సెప్పుకోవాల?"

"పేపరు చుట్టతో ఎవరి బుర్ర పగిలింది? ఊఁ, కొట్టు. నేను పడతాను, నువ్వు గియ్యి... అమ్మా! సచ్చాను. సూసావా, పడ్డప్పుడు చెయ్యి ఎలా మడతపడిపోయిందో? అదే గియ్యి. తొందరగా. తిమ్మిరెక్కిపోతంది."

"కదలకు మరి."

"ముక్కు మీద ఈగ వాలింది."

"సచ్చినోడు ఈగని తోలుకుంటాడేటి? అలగే పడుండు."

"అబ్బ! బావా, అదే గియ్యి! రాజేంద్ర ముక్కు మీద ఈగ. తల్లి వస్తాది. ఏడవదు. ముందు ఈగని తోల్తాది. మాట వద్దు, మాటల బెలూను వద్దు, ఒట్టి చెయ్యి, ఈగ. నాలుగో సంచిక మొదటి పేజీ అయిపోయింది! ముద్దు నీకు పెట్టాలా, ఈగకి పెట్టాలా?"

"ఈగకే పెట్టు. నా చేతుల నిండా ఇంకు."

"నెత్తురు చెవి దాకా పొయ్యి. మనకున్నవే రెండు రంగులు, నలుపూ ఎరుపూ. పిసినారితనం సెయ్యకు."

"పోత్తన్నాను. నువ్వు కళ్ళు మూసుకో. సచ్చినోడు నన్ను అలా నవ్వుతా సూత్తే గీత పడదు."

"మెట్ల మీద ఎవరు? పోస్టుమేన్ త్రినాథరావు గారా? ఉండండి బాబాయ్, వత్తన్నా!"

"ఇదిగో, శవాలు లేచి పరిగెడితే నేనెలా గియ్యాల?"

"బావా! కట్ట! దారంతో కట్టిన కట్ట! అన్నీ కార్డులే! మూడో సంచికకి వచ్చినవే! నలుగురైనా పంపుతారా అన్నావు. ఇవి సూడు, నలభై పైనే ఉంటాయి."

"సర్లే. బల్ల మీద పెట్టు."

"బల్ల మీద పెట్టడమేటి? నాకు కాళ్ళు ఆగట్లేదు! రాజేంద్రని కొట్టినోడి మొహం ఖాళీగా వదిలేద్దామన్నది నువ్వు. 'ఈ గడిలో మొహం మీరే గీసి పంపండి' అని పిల్లల్ని అడుగుదామన్నది నేను. ఎవరు గెలిచారు?"

"నువ్వే."

"గట్టిగా సెప్పు."

"నువ్వేనే, తల్లీ."

"బుచ్చమ్మ పిన్ని ఇవాళ సోంపేట బస్సుకి వత్తానంది గదా, ఆవిడకి సూపించాల. కన్నకొడుకు రాజేంద్రని కర్రతో కొట్టి సంపేత్తే, జీడిచెట్టు మీంచి పడ్డాడని పోలీసులు కాగితాల్లో రాసేసుకున్నారు. మూడేళ్ళలో ఆవిడ మాట విన్నోడు లేడు. ఇప్పుడు ఇంతమంది విన్నారు బావా. మన పుస్తకం వల్ల! ఏటీ, పలకవు?"

"ఇంకు ఆరిపోతంది. గీసుకోనీ."

"నువ్వు గీసుకో, నేను సదువుతాను. ఇది మందస. హేమలత, ఎనిమిదో తరగతి. మీసాలు సూడు, చీపురుకట్టే! ఎడం కనుబొమ్మ మధ్యలో తెగ్గొట్టింది. ఎంత తెలివి! వీడ్ని కూడా ఎవరో ఎప్పుడో కొట్టుంటారని."

"ఊఁ."

"ఇది బారువ. వీడు కొమ్ములు పెట్టాడు, పళ్ళు రంపంలా గీశాడు. నెత్తురు దేంతో పెట్టాడో సెప్పుకో? స్టిక్కరు బొట్లు! వాళ్ళమ్మవి కొట్టేసుంటాడు. కర్ర నుంచి కారుతున్నట్టు తొమ్మిది బొట్లు వరసగా అంటించాడు. ఈ కార్డు నాదే. ఎవరికీ ఇవ్వను. ఇది సోంపేట. ఓరి నాయనో, వీడు మనకంటే ఘోరం. రాజేంద్ర తలని పుచ్చకాయలా రెండు చెక్కలు సేసేశాడు. లోపల గింజలు కూడా వేశాడు బావా, నల్లగా! కొట్టినోడికి లుంగీ, మీసాలు, కనుబొమ్మ... ఉండు."

"ఏటి?"

"కనుబొమ్మ ఇందులోనూ తెగింది. ఎడందే. కొమ్ములోడిది సూద్దాం... వీడికీ తెగింది."

"పిల్లలు. ఒకళ్ళది సూసి ఒకళ్ళు గీసుంటారు."

"మందస పిల్లా, బారువ పిల్లోడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారేటి? ఇదిగో, హరిపురం. తెగింది. వజ్రపుకొత్తూరు. తెగింది. ఇందులో మనిషికి ఒళ్ళు కూడా లేదు, గుండ్రంగా తలకాయ ఒక్కటే, అయినా కనుబొమ్మకి గాటు పెట్టాడు. బావా, నాకు చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, సూడు."

"ఏదో సినిమాలో విలన్ అయ్యుంటాడు."

"ఏ సినిమా?"

"నాకేటి తెలుసు? కట్ట కట్టేసి పక్కన పెట్టు. పని ఉంది."

"నీకు అంత సెమట పట్టేసిందేటి?"

"కింద బట్టీ ఎలిగించారు. తెలవట్లేదా, వేడి?"

"బట్టీ ఇవాళ సెలవు బావా... ఇందులో బొమ్మ లేదు. పెద్దవాళ్ళ రాత. 'అమ్మాయ్, మా పాప గీస్తానని ఏడిస్తే నేను గియ్యనివ్వలేదు. మేం ఆయన తోటలోనే పిక్కలేరుతాం. బొమ్మ లేకపోయినా పేరు రాస్తున్నాను. రవిశంకర్. పెద్దింటి రవిశంకర్.' బావా, ఎవరీ రవిశంకర్?"

"సింపీ."

"ఏటి?"

"సింపీ ఆ కార్డు. ముందు సింపీ, తర్వాత అడుగు."

"ఎందుకు సింపాల? ఇదే గదా బుచ్చమ్మ పిన్ని మూడేళ్ళుగా..."

"నీకు తెలవదు ప్రమోదినీ. టెక్కలిలో పెరిగినదానివి. ఆడు లారీతో తొక్కించేత్తాడు. మనిద్దర్నీ ఈ గదిలో పెట్టి తలుపేసి నిప్పెట్టేత్తాడు. బయట నిలబడి బీడీ కాల్చుకుంటాడు. అడ్డొచ్చినోడికి పళ్ళు ఊడగొట్టి, ఆ పళ్ళు ఆడి జేబులోనే వేశాడు. ఆడి మట్టి లారీకి అడ్డం నిలబడ్డాడని రాజేంద్రని... ఇలా ఇయ్యి."

"నీకు బాగా తెలుసా, ఆయన?"

"ఎన్నికలప్పుడు గోడల మీద పేరు రాశాను. అంతే. ఇయ్యమంటన్నానా?"

"ఏ ఎన్నికలు?"

"ఇయ్యవే!"

"ఇవ్వను. వదులు. బావా, చెయ్యి వదులు. ఇది బొమ్మ కోసం కాదు, నిజంగా నొప్పెడతంది. వదులు... అమ్మా!"

"సూడనీ. నేను కావాలని కాదు. సూడనీ, ప్రమోదినీ."

"ముట్టుకోకు. గాజు పగిలి గుచ్చుకుంది. కార్డు నలిపేశావు గదా, నీకు కావలసింది అయిపోయింది గదా. ముట్టుకోకు."

"ఏటమ్మీ, దెబ్బలాటా, బొమ్మా? కింద రోడ్డు దాకా ఇనపడతన్నాది."

"బుచ్చమ్మ పిన్నీ! రా, రా. బొమ్మే. నాలుగో సంచికకి. ఎప్పుడూ సేసేదే గదా."

"మరి సేతి మీద అది?"

"రంగు పిన్నీ. ఎర్ర రంగు. కూర్చో. బస్సులో నిలబడే వచ్చావా? మంచినీళ్ళు తాగు. నీకోసమే సూత్తన్నాం. ఇవన్నీ పిల్లలు పంపినవే."

"ఇన్నే! నా కొడుక్కోసం ఇంతమంది కూకుని గీసినారా? అదేటి, ఆడికి కొమ్ములెట్టీసినారు. బాగున్నాయి, కొమ్ములు. మొదట్నుంచీ ఉండాల్సినవే ఆడికి."

"ఆడికా? నీకు తెలుసా పిన్నీ, ఆ మనిషి?"

"నాకేటమ్మీ, మా ఊరి కుక్కలకీ తెలుసు. ఆడు తోటలోకొత్తే అవి మొరగవు, తోకలు ముడుసుకుని ఎల్లిపోతాయి. సిన్నప్పుడు తాటి మట్ట గీసుకుని కనుబొమ్మ తెగిపోనాది. రవిశంకరు."

"మరి మాకెందుకు సెప్పలేదు? ఆరుసార్లు వచ్చావు, కూర్చుని కథంతా సెప్పావు."

"మీరు అడగనేదు. నువ్వు అడగబోయినావు ఓపాలి. ఈ బాబే, 'పేర్లు వద్దు పిన్నీ, మొహం వద్దు, ఖాళీగా ఒగ్గీద్దాం' అన్నాడు. ఏ సొక్కా అని అడిగినాడు, ఏ కర్ర అని అడిగినాడు. ఎవులు కొట్టినారని మాత్రం ఒక్కపాలీ అడగనేదు."

"నీకు మళ్ళీ ఏ ఇబ్బందీ రాకూడదని, పిన్నీ."

"నాకేటి ఇబ్బంది బాబూ? ఉన్న ఒక్కడూ పోనాడు. ఆ రవిశంకరు మొహం కోసం కాదు నానొచ్చింది. అమ్మీ, మొన్నటి పుస్తకం తియ్యి. నాకు అచ్చరాలు రావు గానీ, నెల్లాళ్ళుగా బొమ్మలే సూత్తన్నాను. పడుకునేటప్పుడు గుండెల మీదెట్టుకుని సూత్తన్నాను."

"ఇదిగో పిన్నీ. ఎనిమిదో పేజీ."

"ఇది లారీ. ముందర నా కొడుకు, రెండు సేతులూ సాపి నిలబడ్డాడు. ఇది నానే సెప్పినాను, అవునా?"

"అవును. నువ్వే సెప్పావు."

"ఇది జీడితోట. సినుకులు. సొక్కా తడిసి ఒంటికి అంటుకుపోనాది. నానే సెప్పినాను. ఇది సరుగుడు కర్ర, మెడ మీద దెబ్బ. మెడ ఇరిగి పక్కకి ఒరిగిపోనాది, ఆ రేత్తిరంతా నాను తల నిలబెట్టబోతే నిలబడనేదు. అదీ నానే సెప్పినాను. ఇదిగో, దీనికి ముందర గడి."

"పరిగెత్తబోయి పడ్డాడు. నాకు ఈ పుస్తకం మొత్తంలో ఇదే ఇష్టం పిన్నీ. మొహాలు లేవు, ఏమీ లేవు. బురదలో మోకాళ్ళు, వెనక నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి మడమ పట్టేసుకుంది. మొదటిసారి సూసినప్పుడు నా కాలు నేనే వెనక్కి లాక్కున్నాను."

"ఈ సెయ్యి నాను సెప్పనేదమ్మీ."

"అంటే?"

"నాను సెప్పనేదు. మెడ ఇరిగీలాగ కొట్టాలంటే రవిశంకరు రెండు సేతులూ కర్ర మీదే ఉండాల. మరి ఈ సెయ్యి ఎవులిది బాబూ?"

"కథలో ఏదో ఒకటి కల్పించాల గదా పిన్నీ. ఊరికే. బొమ్మ బాగుంటాదని."

"కల్పించినావు. బాగుంది. నా కొడుక్కి తానం సేయించినప్పుడు మడమ మీద సేతి ఏళ్ళ అచ్చులున్నాయి. నీలంగా, నాలుగు ఈపక్క, బొటనేలు ఆపక్క. పసుపు రాసి నానే కప్పీసినాను. డాక్టరుకి సెప్పనేదు, పోలీసులకి సెప్పనేదు, మీకు సెప్పనేదు. ఆడు గుర్రంలాగ పరిగెట్టీవోడు, ఆ రవిశంకరికి సిక్కీవోడు కాదు. పట్టుకున్నోడే లేకపోతే నా కొడుకు తోట దాటీసీవోడు. మూడేళ్ళ నుంచి ఆ పట్టుకున్నోడి కోసమే ఎతుకుతున్నాను. నీ బొమ్మలో కూడా నాలుగు ఈపక్క, ఒకటి ఆపక్క."

"చెయ్యి అన్నాక ఎవరిదైనా అలాగే ఉంటాది, పిన్నీ! ఎవర్ని పట్టుకున్నా అలాగే పట్టుకుంటారు!"

"అరవకు బావా."

"అరవట్లేదు. ఈవిడేటి అంటందో నీకు అర్థమవుతందా? మన ఇంట్లో కూర్చుని, మన నీళ్ళు తాగి..."

"నానేటీ అననేదు బాబూ. అడగడానికొచ్చినాను. నాను కథ సెప్తంటే ఈ పిల్ల నేల మీద పడీది, నువ్వు గీసీవోడివి. ఈపు మీద దెబ్బంటే ఈ పిల్ల ఈపే, మెడ మీద దెబ్బంటే ఈ పిల్ల మెడే. సేసి సూసుకోకుండా నువ్వు ఒక్క గీతా గియ్యవు. మరి ఈ గడికి ఎవులి కాలు పట్టుకుని సూసుకున్నావు?"

"ప్రమోదిని కాలే! ఇంకెవరిది? సెప్పు ప్రమో. గోడ పక్కన పడుకున్నావు, నేను ఇలా వచ్చి పట్టుకున్నాను, నవ్వావు గూడా. సెప్పు ఈవిడకి."

"ఆ పుస్తకం ఇలా ఇవ్వు పిన్నీ."

"సెప్పవే! నీ కాలే గదా?"

"ఆ బొమ్మ గీసిన్నాడు నన్ను ఈ గదిలోకి రానియ్యలేదు పిన్నీ. ఇది నా కాలు కాదు. నా సేతి మీద ఇది రంగూ కాదు."